క్రియాటినిన్ 0.9 నుంచి 1.2కి పెరిగింది, హెచ్‌ఐవీ మాత్ర ఆపేయాలా?

సీతాకోక
మా అన్నయ్య రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. వయసు 46, హెచ్‌ఐవీ మందులు ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వాడుతున్నాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) ఎప్పుడు చేసినా కనబడని స్థాయిలోనే ఉంటుంది. ఈమధ్య పాత మాత్ర (టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసినది) తీసేసి టీఎల్‌డీ ఇచ్చారు, అంటే ఎఫావిరెంజ్ పోయి డోలుటెగ్రావిర్ వచ్చింది. మార్చక ముందు క్రియాటినిన్ (కండల్లో తయారై కిడ్నీలోంచి బయటికి పోయే వ్యర్థం) 0.9, ఇప్పుడు 1.2. రిపోర్టు అడుగున ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో అంచనా) 75 అని ఉంది, అంతకుముందు 107 ఉండేది. డాక్టరు చూసి "పర్లేదు, వాడండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారట. దాదాపు మూడోవంతు కిడ్నీ పోతే పర్లేదు ఎలా అవుతుంది? అన్నయ్యేమో రోజూ రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని వేసుకోవాలా వద్దా అని కూర్చుంటున్నాడు. ఆపేయమని చెప్పనా? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

పాతకాపు
ఆపొద్దు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇవాళ రాత్రి మాత్ర వేయించండి.

ల్యాబ్‌బాబాయ్
సీతాకోక గారూ, మూడోవంతు కిడ్నీ పోయిందని మీరు అనుకుంటున్నది ఆ ఈజీఎఫ్‌ఆర్ అంకె చూసి. ఆ అంకెను ఎవరూ కిడ్నీలో కొలవరు, క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది పెట్టి లెక్క కడతారంతే. క్రియాటినిన్ ఏ కారణంతో పెరిగినా ఆ లెక్క కిడ్నీనే తప్పు పడుతుంది. అసలు క్రియాటినిన్ ఒంట్లోంచి రెండు తలుపుల్లోంచి బయటికి పోతుంది. పెద్ద తలుపు వడపోత. చిన్న తలుపు కిడ్నీ గొట్టాల్లోని కణాలు, అవి రక్తంలోంచి కొంత క్రియాటినిన్ లాగి మూత్రంలోకి తోస్తాయి. డోలుటెగ్రావిర్ ఆ చిన్న తలుపును కొద్దిగా మూస్తుంది. వడపోత ఎప్పటిలాగే ఉంటుంది, రక్తంలో అంకె మాత్రం పెరుగుతుంది. మొదటి 2 నుంచి 4 వారాల్లో పెరిగి అక్కడే ఆగిపోతుంది. మీ డాక్టరు పర్లేదన్నది దీని గురించే అయ్యుంటుంది, కాకపోతే ఆ మాట కాస్త విడమర్చి చెప్పి పంపాల్సింది.

సీతాకోక
ఈ మాట ఆయనే చెప్పి ఉంటే మా వదిన రాత్రంతా ఏడ్చేది కాదు. అయితే 0.3 పెరగడం కూడా మామూలేనా?

ల్యాబ్‌బాబాయ్
సగటున 0.1, 0.15 దాకా పెరుగుతుంది. కొందరిలో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. కానీ 0.3 అంటే నేనైతే డోలుటెగ్రావిర్ ఒక్కదాని మీదే వేసి వదిలేయను. మళ్లీ చేయించాలి, మూత్రం కూడా చూడాలి.

వేపచెట్టు
బాబాయ్ చెప్పింది నిజమే కానీ అందరికీ అదే అని ధైర్యం చెప్పేయకండి. నాకు టెనోఫోవిర్ వల్ల నిజంగానే కిడ్నీ దెబ్బతింది. చాలా ఏళ్లు ఏమీ లేదు, తర్వాత తొడ ఎముకలు, పక్కటెముకలు నొప్పి మొదలైంది. మెట్లెక్కాలంటే రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు మీద ఆగేవాణ్ని. విపరీతమైన దాహం, రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం. మూత్రంలో చక్కెర మూడు ప్లస్‌లు వచ్చింది, అది చూసి ఒకాయన షుగర్ అని మందు రాసేశారు. రక్తంలో చూస్తే చక్కెర మామూలుగానే ఉంది! ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి ఫాస్ఫరస్ చేయించారు. 1.6 ఉంది, మామూలుగా 2.5 పైన ఉండాలి. ఫాంకోనీ సిండ్రోమ్ అన్నారు. వడపోత కన్నా ముందు గొట్టాలు దెబ్బతింటాయట, వెనక్కి తీసుకోవాల్సిన చక్కెర, ఫాస్ఫేటు, ప్రొటీను అన్నీ మూత్రంలో పోతాయట. ఫాస్ఫేటు పోయాక ఎముకల్లో ఇక ఏముంటుంది? మందు మార్చాక నెలల మీద నొప్పి తగ్గింది, క్రియాటినిన్ మాత్రం 1.4 దగ్గర నిలబడిపోయింది, పాత అంకెకి రాలేదు. నన్నడిగితే టెనోఫోవిర్ వెంటనే మార్పించేయండి.

పాతకాపు
వేపచెట్టు అన్నా, నీకు జరిగింది చిన్న విషయమేం కాదు. కానీ సీతాకోక వాళ్ల అన్నయ్య పాత మాత్రలోనూ టెనోఫోవిర్ ఉంది, కొత్త దాంట్లోనూ ఉంది. ఇన్నేళ్లు 0.9 ఉండి, డోలుటెగ్రావిర్ రాగానే పెరిగింది. అలాంటప్పుడు ముందు అనుమానం దేని మీద రావాలి?

వేపచెట్టు
అనుమానాలతో కూర్చుంటే నాలాగే ఎముకలు అరిగాక తెలుస్తుంది. టెనోఫోవిర్ దెబ్బ ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. మూత్రం చూడకుండా పర్లేదు అనడమే నాకు నచ్చనిది.

వార్డునర్సు
ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు, గొంతులే వేరు 🙂 మూత్రం చూడాలి. చక్కెర ఉందా, ఉంటే రక్తంలో చక్కెర ఎంత, ప్రొటీను ఎంత, రక్తంలో ఫాస్ఫరస్ ఎంత. ఒక చిన్న సంగతి చాలామంది వదిలేస్తారు. మూత్రంలో ముంచి చూసే మామూలు స్ట్రిప్ ఎక్కువగా ఆల్బుమిన్ అనే పెద్ద ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. టెనోఫోవిర్ వల్ల గొట్టాలు దెబ్బతింటే పోయేది ఎక్కువగా చిన్న ప్రొటీన్లు, స్ట్రిప్ మీద రంగు పెద్దగా మారకపోవచ్చు. అందుకే మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయించమనండి, కుదిరితే ఆల్బుమిన్ నిష్పత్తి కూడా. ప్రొటీను బాగా ఉండి అందులో ఆల్బుమిన్ వాటా తక్కువగా ఉంటే గొట్టాల మీద అనుమానం. ఆల్బుమినే ఎక్కువ ఉంటే వడపోసే గ్లోమెరులస్ మీద అనుమానం, అంటే బీపీ, షుగర్, వైరస్ వల్ల వచ్చే జబ్బులు అలాంటివి.
ఇంకోటి. షుగర్‌కి కొత్తగా వాడుతున్న డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వేసుకునేవాళ్లకి మూత్రంలో చక్కెర ఎలాగూ పడుతుంది. వాళ్లు ఫాంకోనీ అని బెంగ పెట్టుకోవద్దు.

రాత్రిషిఫ్ట్
నాకూ 1.3 వచ్చింది ఒకసారి. డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి నా చేతులు చూసి "జిమ్‌కి వెళ్తావా" అన్నారు. క్రియాటిన్ పౌడర్ ఆపి మళ్లీ చేస్తే 1.1.

పాతకాపు
కండలవీరుడా, ఫొటో పెట్టవయ్యా, నమ్ముతాం.

ల్యాబ్‌బాబాయ్
రాత్రిషిఫ్ట్ చెప్పింది కరెక్టే. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ పౌడర్ వేసుకున్నా, పరీక్షకి ముందు మాంసం బాగా తిన్నా అంకె పెరుగుతుంది. అసలు వడపోత ఎంతో తేల్చుకోవాలంటే సిస్టాటిన్ సి అని ఒక పరీక్ష ఉంది, డోలుటెగ్రావిర్ దాన్ని కదపదు, కండతోనూ పెద్దగా పని లేదు. థైరాయిడ్ తేడా, స్టెరాయిడ్లు ఉంటే మాత్రం అది కూడా తప్పుదారి పట్టిస్తుంది. అన్ని చోట్లా చేయరు కూడా.

వార్డునర్సు
సీతాకోకా, అసలు అడగాల్సింది ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అన్నయ్య ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు? నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు, సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్, బలం మాత్రలు, ఆకు మందులు, అన్నీ చెప్పండి.

సీతాకోక
అడిగాను. బలం మాత్రలేం లేవట. మోకాలి నొప్పికి మాత్రం డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాడు. "అది మామూలు నొప్పి మాత్రే కదా, అది కూడా చెప్పాలా" అంటున్నాడు. షుగర్ ఇంకా మొదటి దశలో ఉంది, మెట్‌ఫార్మిన్ పొద్దున ఒకటి రాత్రి ఒకటి, ఒక్కోటి 1000.

వార్డునర్సు
అదిగో! టెనోఫోవిర్ వాడేవాళ్లకి రోజూ డైక్లోఫెనాక్ అసలు వద్దు. ఈ రెండూ కలిసి ఉన్నట్టుండి కిడ్నీని దెబ్బతీసిన కేసులు చాలా చూశారు, ముఖ్యంగా పెద్ద డోసు నొప్పి మాత్రలు మొదలుపెట్టాక. ఐబుప్రోఫెన్ కూడా అదే జాతి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టర్ని అడగండి, లేదంటే పైపూత.
మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. డోలుటెగ్రావిర్ మూసే ఆ చిన్న తలుపులోంచే మెట్‌ఫార్మిన్ కూడా పోవాలి. అందుకే రక్తంలో దాని మోతాదు బాగా పెరుగుతుంది. రెండూ కలిపి వాడేటప్పుడు రోజు మొత్తానికి 1000 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మీ అన్నయ్యకి 2000 పడుతోంది. రేపే డాక్టరుకి ఫోన్ చేయండి, మీ అంతట మీరు తగ్గించొద్దు.

సీతాకోక
అయ్యో, షుగర్ డాక్టరు వేరు, హెచ్‌ఐవీ డాక్టరు వేరు. అక్కడ హెచ్‌ఐవీ సంగతే చెప్పలేదు అన్నయ్య.

పాతకాపు
చాలామంది చేసేది అదే, భయం అలాంటిది. జబ్బు పేరు చెప్పడం కష్టంగా ఉంటే కనీసం మాత్రల పేర్లు రాసిన కాగితం ఇద్దరి ముందూ పెట్టమనండి. డోలుటెగ్రావిర్ అన్న పేరు చూస్తే డాక్టరుకి అర్థమైపోతుంది.

మూడురోజులమనిషి
నేను డయాలసిస్ మీద ఉన్నాను, అందుకే ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నా. నాకు ముందు బీపీ, దాన్ని చాలా ఏళ్లు పట్టించుకోలేదు ఎవరూ, వైరల్ లోడ్ బాగుంటే అంతా బాగున్నట్టే అనుకున్నారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఇప్పుడు చాలాకాలం బతుకుతున్నారు, అందుకే కిడ్నీని చంపేవి కూడా అందరికీ ఉండే బీపీ, షుగరే ఎక్కువ. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.
డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు ఒక చోట మీకు వేరే మెషీన్ కావాలి, మా దగ్గర లేదు అని వెనక్కి పంపారు. ఇంకో చోట తీసుకున్నారు కానీ వరస చివర కర్టెన్ కట్టి పడుకోబెట్టారు. వేరే మెషీన్ అవసరం ఉన్నది హెపటైటిస్ బి వాళ్లకి. హెచ్‌ఐవీకి అక్కర్లేదు, అందరికీ తీసుకునే జాగ్రత్తలే సరిపోతాయి, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో కూడా అలాగే ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి ఇన్‌చార్జి సిస్టర్‌కి చూపించా, తర్వాతి వారం కర్టెన్ తీసేశారు.

నీలిగాలి
ఇలా ఎంతమందిని వెనక్కి పంపుతున్నారో తలుచుకుంటేనే కోపం వస్తుంది అన్నా.

వేపచెట్టు
మూడురోజులమనిషి గారూ, మందుల డోసులు ఎలా సర్దారు మీకు?

మూడురోజులమనిషి
లామివుడిన్ కిడ్నీలోంచే పోతుంది కాబట్టి డోసు తగ్గించారు. డోలుటెగ్రావిర్, అబాకవిర్ మార్చలేదు, అవి ఎక్కువగా లివర్ చూసుకుంటుంది. డయాలసిస్ రోజు మాత్ర డయాలసిస్ అయ్యాకే వేసుకుంటా, ముందు వేసుకుంటే కొన్ని మందులు మెషీన్‌లో కొట్టుకుపోతాయి. ఇంకో జాగ్రత్త, డయాలసిస్ వాళ్లకి ఫాస్ఫరస్ తగ్గడానికి క్యాల్షియం మాత్రలు ఇస్తారు కదా, ఖాళీ కడుపున అది, డోలుటెగ్రావిర్ కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ సరిగా ఒంటబట్టదు. ఐరన్ కూడా అంతే. భోజనంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు, లేదంటే డోలుటెగ్రావిర్ 2 గంటలు ముందో, 6 గంటలు తర్వాతో. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులకి మాత్రం భోజనం ఉన్నా లేకపోయినా ఆ గ్యాప్ ఉండాల్సిందే.

అమ్ములు
మా చిన్నాన్నకి హెచ్‌ఐవీ ఉందని తెలిసిందే కిడ్నీ వల్ల. కాళ్లు వాచాయి, మూత్రంలో నురగ. ప్రొటీన్ విపరీతంగా పోతోందని బయాప్సీ చేశారు, ఆ తర్వాతే హెచ్‌ఐవీ పరీక్ష. వైరస్సే నేరుగా కిడ్నీని తినేస్తుందా?

వార్డునర్సు
తినేస్తుంది. వైరస్ కిడ్నీ కణాల్లోకే చేరి చేసే జబ్బును హెచ్‌ఐవీ నెఫ్రోపతీ అంటారు, 1984లో అమెరికాలో మొదట గుర్తించారు. వడపోసే గుత్తులు కుదేలైపోతాయి, నెలల్లోనే కిడ్నీలు ఫెయిల్ అయ్యేవి మందులు లేని రోజుల్లో. ఇది ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో వస్తుంది, ఏపీఓఎల్1 అనే జన్యువులో తేడా దీనికి పెద్ద కారణమని 2010 తర్వాత తేలింది. మిగతావాళ్లలో బయాప్సీ చేస్తే ఎక్కువగా వేరేవి కనబడతాయి, యాంటీబాడీలు గుత్తుల్లో పేరుకుపోవడం లాంటివి. ఏదైనా సరే, మొదటి మందు ఏఆర్‌టీనే, అంటే హెచ్‌ఐవీ మందులే. చిన్నాన్నకి ఎలా ఉంది ఇప్పుడు?

అమ్ములు
మందులు మొదలుపెట్టాక ప్రొటీన్ పోవడం బాగా తగ్గింది, బీపీ మాత్ర కూడా ఒకటి ఇచ్చారు, టెల్మిసార్టన్. నురగ లేదు. మళ్లీ పొలం పనికి వెళ్తున్నాడు.

శంఖుపూలు
ఇన్ని ఇంగ్లీషు మాత్రలు వేసుకుంటే కిడ్నీ పాడవక ఏమవుతుంది. కిడ్నీ శుద్ధికి ఆకు కషాయం ఉంది, ఒక మండలం తాగి చూడండి, మాత్రలు ఆపి.

ల్యాబ్‌బాబాయ్
శంఖుపూలు గారూ, దయచేసి ఈ సలహా ఇక్కడ ఇవ్వకండి. ఏ ఆకో, ఎంతో, అందులో ఏం కలిసిందో తెలియని కషాయం ఇప్పటికే అలిసిన కిడ్నీ మీద పోయడం ప్రమాదం. అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మూలికలు తాగి కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లు వేర్వేరు దేశాల్లో ఉన్నారు, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది.

పాతకాపు
మాత్రలు ఆపి అన్నారు చూడండి, అది ఇంకా ప్రమాదం. స్మార్ట్ అని పెద్ద అధ్యయనం జరిగింది, 2006లో ఫలితాలు వచ్చాయి, 5,472 మంది. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగున్నప్పుడు మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెడితే శరీరానికి విశ్రాంతి దొరుకుతుందేమో అని చూశారు. ఆపినవాళ్లలోనే చావులు ఎక్కువ, గుండె, లివర్, కిడ్నీ జబ్బులు కూడా వాళ్లలోనే ఎక్కువ. మందు ఆపితే కిడ్నీ బాగుపడుతుందని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

వేపచెట్టు
ఆపమని నేనూ అనలేదు, మార్చమన్నాను. నాకు అబాకవిర్ ఇచ్చారు, దానికి ముందు హెచ్‌ఎల్‌ఏ బి 5701 అనే రక్తపరీక్ష చేశారు, అది పాజిటివ్ అయితే అబాకవిర్ ఇవ్వకూడదు, ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ రావచ్చు.

నీలిగాలి
మార్చడానికి ముందు హెపటైటిస్ బి ఉందో లేదో తప్పకుండా చూడాలి అన్నా, మా ఇంట్లో అదే పెద్ద గొడవైంది. టెనోఫోవిర్ హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బికి రెండిటికీ పనిచేస్తుంది. బి ఉన్న మనిషికి హఠాత్తుగా టెనోఫోవిర్ తీసేస్తే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మా అక్కకి అలాగే కళ్లు పచ్చబడి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది, మార్చిన వాళ్లు పాత ఫైలు తెరిచి చూసి ఉంటే సరిపోయేది. తర్వాత ఆమెకి టాఫ్ ఇచ్చారు. అదీ టెనోఫోవిరే, రూపం వేరు. పాతది 300 మిల్లీగ్రాములైతే ఇది 25 మాత్రమే, రక్తంలో తిరిగే మందు దాదాపు 90 శాతం తక్కువ, అందుకే కిడ్నీకి, ఎముకలకి భారం తక్కువ.

రాత్రిషిఫ్ట్
అంత మంచిదైతే అందరికీ అదే ఇవ్వొచ్చుగా?

వార్డునర్సు
టాఫ్ మీద బరువు, కొలెస్ట్రాల్ పెరగడం కనిపిస్తోంది, అన్ని చోట్లా దొరకదు కూడా. కిడ్నీ బాగున్నవాళ్లకి పాత టెనోఫోవిర్ మంచి మందే, కోట్ల మంది వాడుతున్నారు. క్రియాటినిన్ క్లియరెన్స్ (క్రియాటినిన్‌ని బట్టి లెక్కకట్టే కిడ్నీ వడపోత అంకె) 50 కంటే తగ్గినప్పుడు, మూత్రంలో తేడా కనబడినప్పుడు మార్చాలి. దానికి చూస్తూ ఉండాలి, వేపచెట్టు అన్న పట్టుదల అదే, నేను ఆయన వైపే.

మూడురోజులమనిషి
నా వంతు ప్రశ్న. హెచ్‌ఐవీ ఉంటే కిడ్నీ మార్పిడి చేయరని మా పక్క బెడ్డాయన అంటాడు. నిజమేనా?

ల్యాబ్‌బాబాయ్
పాత మాట అది. అమెరికాలో హెచ్‌ఐవీ ఉన్న 150 మందికి మార్పిడి చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత 94.6 శాతం మంది బతికే ఉన్నారు, 90.4 శాతం కిడ్నీలు పనిచేస్తున్నాయి. దాచకుండా చెప్పాలంటే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం మాత్రం మామూలు వాళ్లకన్నా ఎక్కువే కనిపించింది. సాధారణంగా సీడీ4 200 పైన, వైరల్ లోడ్ కనబడని స్థాయిలో ఉండాలని అడుగుతారు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో ఎల్మీ ముల్లర్ అనే సర్జన్ 2008లో హెచ్‌ఐవీ ఉండి చనిపోయినవాళ్ల కిడ్నీలనే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి పెట్టడం మొదలుపెట్టారు. అమెరికా 2013లో దానికి చట్టం చేసింది, 2024 నవంబరులో కిడ్నీ, లివర్‌కి పరిశోధన కింద మాత్రమే చేయాలన్న షరతు కూడా తీసేసింది.

వార్డునర్సు
అడిగేటప్పుడు ఒకటి చూసుకోండి అన్నా, రిటోనావిర్, కోబిసిస్టాట్ ఉన్న హెచ్‌ఐవీ మందులు టాక్రోలిమస్‌ని (శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) రక్తంలో విపరీతంగా పెంచేస్తాయి. మీరు డోలుటెగ్రావిర్ మీదే ఉన్నారు కాబట్టి ఆ చిక్కు లేదు.

మూడురోజులమనిషి
ఈ పోస్టు ఫోన్‌లో దాచుకున్నా. శనివారం నెఫ్రాలజిస్టు వస్తారు, జాబితాలో పేరు రాయమని అడుగుతా. కాదంటే కారణం కాగితం మీద రాసివ్వమంటా.

పాతకాపు
అడగన్నా. గట్టిగా అడుగు. ఏమన్నారో ఇక్కడ రాయి.

సీతాకోక
మా వైపు కబురు. మాత్రల కాగితం తీసుకెళ్లి ఇద్దరు డాక్టర్లకీ చూపించాం. డైక్లోఫెనాక్ మానేశాడు, మోకాలికి పైపూత, వ్యాయామం. మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గించి షుగర్‌కి ఇంకో మాత్ర కలిపారు. కొన్ని వారాలయ్యాక మళ్లీ చేస్తే క్రియాటినిన్ 1.05. మూత్రంలో చక్కెర లేదు, ప్రొటీన్ నిష్పత్తి మామూలుగానే ఉంది. టీఎల్‌డీ అదే కొనసాగించమన్నారు. ఈసారి డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు, ఇకపై 1.05 నుంచే లెక్కపెట్టాలి, 0.9తో పోల్చొద్దు అని. అన్నయ్య ఒక్క పూట కూడా మాత్ర మానలేదు.

ల్యాబ్‌బాబాయ్
సంతోషం తల్లీ. ఆ 1.05 ఫైలు మొదటి పేజీలో పెద్దగా రాయించండి, రేపు ఇంకో డాక్టరు చూసినా మళ్లీ కంగారు పెట్టకుండా.

నీలిగాలి
హెపటైటిస్ బి చేయించారా?

సీతాకోక
ఫైల్లో వెతికితే ఎక్కడా లేదు. రక్తం ఇచ్చాం, రిపోర్టు రేపొస్తుంది.

వేపచెట్టు
షుగర్ ఉంది కాబట్టి 6 నెలలకోసారి మూత్రం చూపించండి. ఆ చీటీలో ఫాస్ఫరస్ కూడా రాయించండి.

సీతాకోక
రాయించేశా అన్నా, మీ పోస్టు చూపించే రాయించా.